రంగుల బొమ్మ, ఇంటి వీడియో యంత్రము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిండించుకొన్న ఈ శుభసమయమున నన్ను కూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నేను పండితుడను కాను. నలువది సంవత్సరములకు పైగా రేడియోలు, టెలివిజనులు, వీడియో యంత్రములు బాగుచేసి కుటుంబమును పోషించుకొన్నవాడను. "సభలో నేనేమి చెప్పగలనండీ?" అని అడిగితిని. "మీ చేతికి తెలిసినదే చెప్పండి, చాలును" అని వారనిరి. కావున నా చేతికి తెలిసిన విషయమునే ఎన్నుకొంటిని. ఇంటిలో వాడుకొను వీడియో రికార్డరునకు, రంగుల టెలివిజనునకు మొదట ఎందుకు పొసగలేదు, పిదప ఎట్లు పొసగినది, ఆ కథనుండి మన గ్రంథాలయము నేర్చుకొనవలసినది ఏమి? ఈ మూడు సంగతులు చెప్పి సెలవు తీసికొందును.

గ్రంథాలయ సభలో ఈ యంత్రముల గొడవ యేల అని కొందరికి తోచవచ్చును. అయ్యా, మీ అటకలమీద, ట్రంకు పెట్టెలలో పడియున్న నల్లని క్యాసెట్టులు కూడ గ్రంథములే. మన యూరి పెండ్లిండ్లు, నాటకములు, గతించిన పెద్దల ముఖములు, మాటలు వానిలో నున్నవి. అయితే పుస్తకమును దీపపు వెలుతురులో చదువుకొనవచ్చును గాని క్యాసెట్టును కంటితో చదువజాలము. యంత్రము చదివి చూపవలెను. ఆ యంత్రము నేడు లోకమునుండి కనుమరుగగుచున్నది. అందువలననే ఈ ప్రసంగము.

టెలివిజను బొమ్మ ఒక్కసారిగా తెరమీదికి వచ్చునది కాదు. నేతగాడు పోగు వెంట పోగు నేసినట్లు, వరుస వెంట వరుసగా బొమ్మ అల్లబడును. అమెరికా పద్ధతిలో ఒక బొమ్మకు 525 వరుసలు, సెకండునకు దాదాపు 30 బొమ్మలు. మన దేశపు పద్ధతిలో 625 వరుసలు, సెకండునకు 25 బొమ్మలు. రెండింటిలోను ఒక్కొక్క వరుసకు పట్టు కాలము సెకండులో పదిలక్షల వంతులు చేసిన, వానిలో సుమారు 64 వంతులు మాత్రమే. ప్రతి వరుస మొదట "ఇదిగో, క్రొత్త వరుస మొదలైనది" అని తెలుపు ఒక సంకేతము వచ్చును. టెలివిజను ఆ సంకేతమును పట్టుకొని తాళము వేయుచు బొమ్మ నల్లును.

ఇంతవరకు నలుపు తెలుపుల కథ. రంగు సంగతి వేరు. 1953 డిసెంబరులో అమెరికా ప్రభుత్వము ఒక రంగుల పద్ధతిని ఆమోదించినది. దానికి ఎన్.టి.ఎస్.సి. పద్ధతి యని పేరు. అప్పటికే ప్రజల ఇండ్లలోనున్న నలుపు తెలుపు పెట్టెలు పనికిరానివి కాకూడదని నియమము పెట్టుకొనిరి. అందువలన పాత బొమ్మ సిగ్నలును అట్లే యుంచి, దానిలోనే రంగును మోయు ఒక సన్నని అలను చేర్చిరి. ఆ అల సెకండునకు దాదాపు 35 లక్షల 80 వేల సారులు ఊగును. ఊపు ఎంత బలముగా నున్నదో రంగు అంత చిక్కగా నుండును. ఊపు ఏ క్షణమున మొదలైనదను దానిని బట్టి అది ఎరుపా, పసుపా, ఆకుపచ్చయా అనునది తేలును.

ఏ క్షణమనగా దేనితో పోల్చి? ఇక్కడనే కిటుకు ఉన్నది. పాటకచేరిలో గాయకుడు పాడుటకు ముందు తంబుర శ్రుతి వినిపించునట్లు, ప్రతి వరుస మొదట రంగు అలయొక్క శుద్ధమైన ఊపులు ఒక తొమ్మిది వరకు పంపుదురు. టెలివిజను ఆ శ్రుతిని చెవిలో పెట్టుకొని, తరువాత వచ్చు రంగు అలను దానితో పోల్చి చూచి, రంగు తేల్చును. శ్రుతి తప్పినచో పాట అపస్వరమగును. ఇక్కడ శ్రుతి తప్పినచో ముఖము ఆకుపచ్చగా మారును.

ఆ శ్రుతి ఎంత సున్నితమైనదో ఒక లెక్క చెప్పెదను. ఒక వరుసలో ఏదో ఒక చోట సెకండులో రెండుకోట్లవ వంతు ఆలస్యము జరిగినదనుకొనుడు. నలుపు తెలుపు బొమ్మలో దాని ఫలితము, తెర వెడల్పులో వేయవ వంతు జరుగుట. మానవుని కన్ను దానిని పట్టజాలదు. కాని అదే ఆలస్యము రంగుల చక్రమును 360 భాగములలో 64 భాగములు త్రిప్పివేయును. అనగా ఒక రంగు మరియొక రంగగును. నలుపు తెలుపులో క్షమింపబడు తప్పు రంగులో క్షమింపబడదు.

ఇక టేపు సంగతి చూడుడు. టేపు అనగా ప్లాస్టిక్కు పట్టీమీద ఇనుప ద్రవ్యపు పూత. దానిని మోటార్లు, రబ్బరు చక్రములు, బెల్టులు లాగవలెను. ఎండకు సాగును, చలికి ముడుచుకొనును. చక్రము ఇసుమంత వంకరయైనను వేగము మారును. ఇట్టి వస్తువును సెకండులో రెండుకోట్లవ వంతు కూడ తప్పకుండ నడిపించుట సాధ్యమా?

పెద్ద సంస్థలు ధనబలముచేత సాధించినవి. కాలిఫోర్నియాలోని ఆంపెక్సు అను కంపెనీలో చార్లెస్ గిన్స్‌బర్గ్ నాయకత్వమున కొందరు ఇంజనీర్లు పని చేసి 1956 ఏప్రిలులో చికాగో నగరమున మొట్టమొదటి ఉపయుక్తమైన వీడియో రికార్డరును ప్రదర్శించిరి. తరువాతి కాలమున శబ్దము విషయమున ప్రపంచ ప్రఖ్యాతి గాంచిన రే డాల్బీ అప్పుడు ఆ బృందములో యువకుడు. ఆ యంత్రములో టేపు వెడల్పు రెండంగుళములు. నాలుగు తలలు గల చక్రము నిమిషమునకు 14,400 సారులు తిరుగుచు టేపుమీద అడ్డముగా వ్రాయును. ధర దాదాపు 50 వేల డాలర్లు. అది బీరువాలంత యంత్రము. అది వ్రాసినది నలుపు తెలుపులే. 1956 నవంబరు 30వ తేదీన సి.బి.ఎస్. సంస్థ తన సాయంకాల వార్తలను దానిపై ముద్రించి పశ్చిమ తీరమునకు ఆలస్యముగా ప్రసారము చేసినది. రెండేండ్లలోపల రంగు కూడ సాధ్యమైనది. 1958 అక్టోబరు 17న ఫ్రెడ్ ఆస్టేర్ అను నర్తకుని కార్యక్రమము రంగుల టేపునుండి ఎన్.బి.సి. సంస్థ ప్రసారము చేసినది. ఈ కార్యక్రమమును మీరు జ్ఞాపకముంచుకొనుడు. చివర మరల దీని యవసరము వచ్చును.

ప్రసార సంస్థల యంత్రములలో వేగమును సరిదిద్దుటకు ఖరీదైన సాధనములెన్నో చేర్చిరి. సామాన్య గృహస్థు అంత డబ్బు పెట్టలేడు. 1965లో జపానులోని సోనీ కంపెనీ ఇంటి వాడుక కొరకు సి.వి.2000 అను యంత్రమును తెచ్చినది. దానిలో టేపు అరంగుళము. టేపు ఆదా చేయుటకై బొమ్మలోని సగము వరుసలను మాత్రమే వ్రాసి, చూపునప్పుడు వానినే రెండు సారులు చూపెడిది. అదియు నలుపు తెలుపే. అప్పటికి అమెరికాలో రంగుల పెట్టెలు ఇండ్లలోనికి వచ్చుచుండెను. రంగుల పెట్టె కొన్నవాడు నలుపు తెలుపు రికార్డరునకు డబ్బు పెట్టునా? కావున ఇంటి యంత్రము రంగును పట్టుకొనుట జీవన్మరణ సమస్య అయినది.

అడ్డములు రెండు. మొదటిది, రంగు అల మరీ వేగముగా నూగును. చిన్న యంత్రము అంత సన్నగా వ్రాయలేదు. రెండవది, వేగమున కలుగు కుదుపు. ఈ రెండింటికి ఒకే మందు దొరకినది. నా వృత్తి జీవితములో ఇంతకంటె తెలివైన ఉపాయమును నేను చూడలేదు.

గాయకునికి పై స్థాయి అందనప్పుడు శ్రుతి తగ్గించి పాడును గదా? అట్లే రంగు అలయొక్క స్థాయిని దింపిరి. యంత్రములో మరియొక అలను పుట్టించి దానితో రంగు అలను కలిపిన యెడల, రెండింటి భేదమునకు సమానమైన నెమ్మదియైన అల యేర్పడును. తరువాతి వి.హెచ్.ఎస్. యంత్రములో, అమెరికా పద్ధతికి, ఆ నెమ్మది అల సెకండునకు 6 లక్షల 29 వేల ఊపులు. 35 లక్షల 80 వేలు ఎక్కడ, 6 లక్షల 29 వేలెక్కడ! చిన్న యంత్రము సులభముగా వ్రాయగలదు. బొమ్మయొక్క వెలుగునీడలు పై స్థాయిలోను, రంగు క్రింది స్థాయిలోను ఒకే దారిలో వ్రాయబడును. చూపునప్పుడు మరల రంగును పూర్వపు స్థాయికి ఎత్తుదురు.

మరి కుదుపు? దింపిన రంగుతోబాటు కుదుపు కూడ ఎక్కివచ్చును గదా? ఇక్కడనే బుద్ధిబలము. ఎత్తుటకు వాడు అలను స్థిరమైన గడియారమునుండి మాత్రమే తీసికొనలేదు. టేపునుండి వచ్చు వరుసల సంకేతములనే తీసికొని, వానిని నలుబది రెట్లు చేసి, ఆ అలలో కలిపిరి. టేపు కుదిపినప్పుడు రంగు కుదుపునకు లోనగును, ఎత్తు అలయు అదే కుదుపునకు లోనగును. ఒకదానినుండి మరియొకటి తీసివేయబడుటచే కుదుపు కొట్టుబడి పోవును. ఒకే ఎద్దుబండిలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు గతుకుల బాటలో ఎంత ఎగిరిపడినను, ఒకరికొకరు కదలనట్లే కనబడుదురు. ఆ పిమ్మట మిగిలిన కొద్ది తప్పును స్ఫటికముతో నడచు ఒక గడియారముతో పోల్చి సరిచేయుదురు.

అయ్యా, గమనింపుడు. వారు బొమ్మ కుదుపును మొత్తముగా మాన్పలేదు. బొమ్మ ఇంకను వణకుచునే యుండును. కంటికి సహింపరానిది రంగు తప్పుట. దానిని మాత్రము మాన్పి, కన్ను సహించు దానిని అట్లే విడిచిరి. సామాన్యుని చేతికి అందునట్లు వస్తువును చేయవలెనన్న, దేనిని సరిదిద్దవలెను, దేనిని విడువవలెను అను వివేకము కావలెను.

ఈ పద్ధతిలో 1971లో సోనీవారి యు-మాటిక్ క్యాసెట్టు యంత్రము వచ్చినది. ధర యెక్కువగుటచే అది ఇండ్లకు గాక పాఠశాలలకు, కార్యాలయములకు, వార్తా సంస్థలకు పోయినది. 1972లో హాలెండు దేశపు ఫిలిప్సు కంపెనీ ఎన్.1500 అను యంత్రమును యూరపులో విడుదల చేసినది. అందులో స్టేషన్లను పట్టు భాగము, గడియారము కూడ కలవు. 1975లో సోనీవారి బీటామాక్సు, 1976లో జె.వి.సి. కంపెనీవారి వి.హెచ్.ఎస్. వచ్చినవి. మన ప్రాంతమునకు ఎక్కువగా వచ్చినవి వి.హెచ్.ఎస్. యంత్రములే.

చిన్న క్యాసెట్టులో ఎక్కువ సేపు పట్టవలెనను కోరికతో మరియొక చిక్కు పుట్టినది. అంతకు ముందు టేపుమీద ఒక దారికి, ప్రక్క దారికి నడుమ ఖాళీ జాగా, అనగా పొలముల మధ్య గట్టు, ఉండెడిది. బీటామాక్సు, వి.హెచ్.ఎస్. యంత్రములలో ఆ గట్టును దున్నివేసిరి. ఒక తల ప్రక్క దారిని చదువకుండుటకై రెండు తలలను ఎదురెదురు వైపులకు కొంచెము వంచిరి: బీటామాక్సులో 7 డిగ్రీలు, వి.హెచ్.ఎస్.లో 6 డిగ్రీలు. వేగముగా నూగు వెలుగునీడలకు ఈ వంపు చాలినది. నెమ్మదిగా నూగు రంగునకు చాలలేదు. పొరుగు చేని నీరు మన చేనిలోనికి ఊరినట్లు పొరుగు రంగు ఊరెడిది. దీనికై వి.హెచ్.ఎస్. వారు ప్రతి వరుసకు రంగు అలను పావు చుట్టు చొప్పున, ఒక దారిలో ముందునకు, ప్రక్క దారిలో వెనుకకు, త్రిప్పి వ్రాసిరి. చదువునప్పుడు ఆ త్రిప్పుడును విప్పుదురు. అప్పుడు సొంత రంగు సరిగా నిలుచును. ఊరివచ్చిన పొరుగు రంగు మాత్రము ఒక వరుసలో ఒకవైపు, మరు వరుసలో ఎదురువైపు తిరిగియుండును. ఒక వరుసను కొంచెము ఆపి తరువాతి వరుసతో కలిపినచో సొంతము రెట్టింపగును, పొరుగుది పోవును.

దీనికి చెల్లించిన మూల్యము కలదు. స్థాయి దింపుటచే రంగులోని సన్నదనము పోయినది. అందువలననే పాత పెండ్లి క్యాసెట్టులో ఎర్రచీర అంచు దాటి ప్రక్కకు కారినట్లుండును. కాపీనుండి కాపీ తీసినకొలది ఆ కారుట పెరుగును.

రికార్డరు కుదిరినది. మరి టెలివిజను కుదిరినదా? అదియు మొదట కుదరలేదు. టెలివిజనులో వరుసల తాళము వేయు భాగమును, దూరపు స్టేషనునుండి బలహీనముగా వచ్చు సిగ్నలుకు చెదరకుండునట్లు నిర్మించిరి. బియ్యపు మిల్లు ఇంజనునకు పెద్ద చక్రము బిగించినట్లు అనుకొనుడు. చిన్న చిన్న ఆటంకములకు ఆ చక్రము చలింపదు. స్టేషను గడియారము స్థిరమైనది గనుక ఈ స్వభావము మేలు చేసెను. రికార్డరు సిగ్నలు అట్టిది కాదు. బొమ్మ అడుగుభాగమున ఒక తలనుండి మరియొక తలకు మారునప్పుడు తాళము కొంచెము తప్పును. పెద్ద చక్రము వెంటనే సర్దుకొనలేదు. అది సర్దుకొను లోపల మరు బొమ్మ పైభాగము మొదలగును. కావున బొమ్మ శిరస్సు జెండావలె ఒక ప్రక్కకు వంగును. అమెరికాలో సోనీవారు 1975లో మొదట రికార్డరును, 19 అంగుళముల రంగుల టెలివిజనును ఒకే పెట్టెలో బిగించి అమ్మిరి. విడి రికార్డరు తరువాతి సంవత్సరమున వచ్చినది. అది మూడవ లేక నాలుగవ చానలు స్టేషనువలె వేషము వేసికొని ఏంటెనా దారినే టెలివిజనులో ప్రవేశించెడిది.

మన యూరి సంగతికి వత్తును. మన దేశమున 1982లో, స్వాతంత్ర్య దినోత్సవమునకును ఢిల్లీ ఆసియా క్రీడలకును రంగుల ప్రసారము మొదలైనది. గల్ఫు దేశములకు పనికి పోయినవారు వీడియో యంత్రములను తెచ్చుట ఆ దినములలోనే. 1984లో కువైటునుండి వచ్చిన ఒకరి ఇంటికి నన్ను పిలిచిరి. యంత్రము క్రొత్తది, టెలివిజను క్రొత్తది; బొమ్మలో కథానాయకుని తల మాత్రము వంకరగా నుండెను. రికార్డరు చెడినదని యజమాని దుఃఖము. నేను రెండు దినములు తల బద్దలుకొట్టుకొంటిని. చివరకు టెలివిజను వెనుక మూత తీసి, తాళము వేయు భాగములోని ఒక కెపాసిటరు విలువను తగ్గించితిని. బొమ్మ నిటారుగా నిలిచినది. ఇంటిల్లిపాది సంతోషించిరి. సాయంకాలము దూరదర్శన్ పెట్టగా, దూరపు సిగ్నలు గనుక, ఆ బొమ్మ వణకసాగినది! ఒకరి మేలు మరియొకరికి కీడైనది. మరునాడు చిన్న స్విచ్చి ఒకటి బిగించి, ఇటు వేసిన దూరదర్శన్, అటు వేసిన వీడియో అని చెప్పి వచ్చితిని. తరువాతి కాలపు టెలివిజనులలో కంపెనీలవారే వీడియోకు ఒక మీట ప్రత్యేకించిరి. దానిలోపలి రహస్యము ఈ స్విచ్చియే.

ఇప్పుడు నా మనస్సున నిలిచిన సంగతి చెప్పెదను. 1986లో మా వీధిలో ఒక పెద్దమ్మగారి కుమారునికి అమెరికాలో వివాహమైనది. ఆమె పోలేకపోయినది. కోడలికని రెండు చీరలు పంపినది. ఒకటి పసుపుపచ్చనిది, ఎర్ర అంచుతో, ముహూర్తమునకు. కుమారుడు పెండ్లి క్యాసెట్టు పంపినాడు. ఊరిలోని యంత్రములో పెట్టగా బొమ్మ గీతలు గీతలుగా, మంత్రములు మూలుగుచున్నట్లుగా వచ్చినవి. కారణము, అమెరికా టేపు సెకండునకు 33 మిల్లీమీటర్లకు పైగా నడువవలెను. మన పద్ధతి టేపు 23 మిల్లీమీటర్లకు పైచిలుకు మాత్రమే నడచును. మన యంత్రము దానిని ఆ నెమ్మది నడకతోనే నడిపినది.

గల్ఫునుండి వచ్చిన మరియొకరి ఇంట అన్ని పద్ధతులు తెలిసిన యంత్రము కలదు. దానిని తెచ్చితిమి. మంత్రములు సరిగా వినవచ్చినవి. బొమ్మ మాత్రము క్రిందినుండి పైకి దొర్లుచుండెను. అమెరికా బొమ్మ సెకండునకు దాదాపు 60 సారులు తెరను నింపును, మన పెట్టె 50 సారులకు అలవాటుపడినది. వెనుకనున్న మీటను మెల్లగా త్రిప్పగా బొమ్మ నిలిచినది. కాని రంగు లేదు. మన దేశము స్వీకరించినది పాల్ పద్ధతి. జర్మనీలో వాల్టర్ బ్రూఖ్ అను ఇంజనీరు 1962లో రూపొందించినది. 1967లో ప్రసారమునకు వచ్చినది. అందులో వరుస విడిచి వరుస రంగు అలను తిరుగవేసి పంపుదురు. తప్పు జరిగిన, రెండు వరుసలలో ఎదురెదురుగా జరిగి సరిపోవును. మన పెట్టె ఆ తిరుగవేతను వెదకినది. అది లేకపోవుటచే "ఇది రంగు కాదు" అని నిశ్చయించి రంగును ఆపివేసినది.

పెద్దమ్మగారు బొమ్మను చూచి, "నాయనా, అమ్మాయి కట్టుకొన్న చీర ఏ రంగురా?" అని అడిగినది.

"రంగు రాదమ్మా, పద్ధతులు వేరు" అంటిని.

"పద్ధతుల సంగతి నాకెందుకురా? నేను పంపిన పసుపు చీరేనా, కాదా? అది చెప్పు చాలు."

చెప్పలేకపోతిని. వృత్తిలో ఎన్నడు పడనంత సిగ్గుపడితిని. మరుసటి ఆదివారము యంత్రమును దుప్పటిలో చుట్టుకొని, ఆమెను బస్సులో జిల్లా పట్టణమునకు తీసికొనిపోయితిని. అక్కడ నాకు తెలిసిన ఒకరి ఇంట రెండు పద్ధతులు గ్రహించు టెలివిజను కలదు. క్యాసెట్టు పెట్టితిని. పసుపు. అంచు ఎరుపు కొంచెము కారినది గాని, పసుపే. ఆమె ఏమియు మాటాడలేదు. కొంగుతో కన్నులు తుడుచుకొని, "ఇంకొకసారి వెనక్కి త్రిప్పు" అన్నది. మూడు సారులు త్రిప్పితిని.

ఆమె ఇప్పుడు లేరు. నిరుడు ఆమె మనుమడు వచ్చి, ఇల్లు సర్దుచుండగా ఆ క్యాసెట్టు దొరకినదని నా చేతికిచ్చినాడు. లోపల తెల్లని బూజు. దానిని విప్పి, మెల్లగా తుడిచి, వేరొక పెట్టెలోనికి మార్చి, నా పాత యంత్రములో పెట్టి, వారి ఇంట క్రొత్త పలుచని టెలివిజనునకు కలిపితిని. ఒక్క క్షణము బొమ్మ మెరసి, తెర నీలమైనది. మరల మెరసి, మరల నీలము. నలువది ఏండ్ల వెనుకటి కలహమే! నేటి టెలివిజను ప్రతి వరుసను ఖచ్చితముగా లెక్క పెట్టుకొనును. టేపు వరుసలు లెక్కకు కుదురవు. కావున "సిగ్నలు లేదు" అని తీర్పు చెప్పును. పాత పెట్టె వంకరగానైన చూపెడిది. క్రొత్తది చూపుటనే మానివేయును. దీనికి మందు కలదు. వచ్చిన వరుసలను ముందు జ్ఞాపకములో నిలువచేసి, స్థిరమైన గడియారము ప్రకారము ఒక్కొక్కటిగా బయటికి వదలు యంత్రమొకటి యున్నది. దానిని నడుమ పెట్టగా బొమ్మ నిలిచినది. దానిని కంప్యూటరులోనికి ఎక్కించి ఇచ్చితిని. మొదటి నాలుగు నిమిషములు బూజు తినివేసినది. ముహూర్తము దక్కినది.

నేను ముందు చెప్పిన ఫ్రెడ్ ఆస్టేర్ కార్యక్రమము జ్ఞాపకమున్నదా? అది సురక్షితముగా నుండెను. కాని 1980 దశకము నాటికి దానిని రంగులలో చదువగల యంత్రము లేదు. రికార్డింగు పద్ధతి మారిపోయినది. ఎడ్ రీటాన్, డాన్ కెంట్, డాన్ ఐన్‌స్టైన్ అను మువ్వురు పాత పద్ధతిని మరల నేర్చి, యంత్రమును మార్చి, చెడిన చోట్ల ఫిలిము ప్రతినుండి పూరించి దానిని ఉద్ధరించిరి. అందులకు వారికి 1988లో సాంకేతిక ఎమ్మీ బహుమానము లభించినది. అంత గొప్ప దేశమున, అంత పెద్ద సంస్థ కార్యక్రమమునకే ముప్పది ఏండ్లలో ఈ గతి పట్టగా, మన అటకమీది క్యాసెట్టు మాటేమి? సోనీవారు 2016 మార్చిలో బీటామాక్సు క్యాసెట్టుల అమ్మకము నిలిపిరి. అదే సంవత్సరము జూలైలో జపానులోని ఫునాయ్ కంపెనీ వి.హెచ్.ఎస్. యంత్రముల తయారీ ఆపినది. తయారు చేయువారిలో అదే చివరిది. ఇక నున్నవి ఉన్నవే. ఒక్కొక్కటి చెడినకొలది తగ్గుటయే గాని పెరుగుట లేదు.

కావున ఈ రజతోత్సవ సందర్భమున కార్యవర్గమువారికి, గ్రామస్థులకు నా మనవి. గ్రంథాలయమున ఒక గది మూల, పనిచేయు వీడియో యంత్రమొకటి, పాత గాజు తెర టెలివిజను ఒకటి ఉంచుడు. ఊరిలోని క్యాసెట్టులకు, పుస్తకములకు వలెనే, పట్టీ వ్రాయుడు: ఎవరిది, ఎప్పటిది, ఎక్కడిది, మన పద్ధతిదా, అమెరికా పద్ధతిదా. బూజు పట్టిన క్యాసెట్టును ఎట్టి పరిస్థితిలోను యంత్రములో పెట్టకుడు. టేపు చెడును, తలలు చెడును, తరువాత పెట్టిన మంచి టేపునకు కూడ బూజు అంటును. కంప్యూటరులోనికి ఎక్కించిన ప్రతిని రెండు చోట్ల ఉంచుడు. ఎక్కించినామని అసలు క్యాసెట్టును పారవేయకుడు. రేపు ఇంతకంటె మంచి సాధనము రావచ్చును.

మాటలతో విడువక, నా వంతు చెప్పెదను. నా దగ్గర రెండు యంత్రములున్నవి. ఒకటి అన్ని పద్ధతులు చదువునది. రెండింటిని, నడుమ పెట్టు ఆ సాధనముతో సహా, నేటినుండి గ్రంథాలయమునకు ఇచ్చివేయుచున్నాను. నా కన్నులు ఇంకను కనబడుచున్నవి, చేతులు వణకుట లేదు. ఇద్దరు యువకులో, యువతులో ముందుకు వచ్చినచో ప్రతి ఆదివారము ఉదయము ఇక్కడనే కూర్చుండి, తల శుభ్రము చేయుట, బెల్టు మార్చుట, బూజు తుడుచుట నేర్పెదను. యంత్రముండి, నడుపువాడు లేకున్నను పుస్తకము మూసినట్లే.

పెద్దమ్మగారు అడిగినది చిన్న ప్రశ్న: చీర ఏ రంగు? దానికి సమాధానము చెప్పుటకు ఒక తరము ఇంజనీర్ల శ్రమ, ఒక ఆదివారపు బస్సు ప్రయాణము కావలసి వచ్చినవి. రేపు మన మనుమలు, మునిమనుమలు ఇట్టి ప్రశ్నలే అడుగుదురు. సమాధానము ఈ గ్రంథాలయమున దొరకవలెనని నా కోరిక.